చంకలో తావ్లి పెట్టె

పాస్కాలిస్‌కి వచ్చింది పార్కిన్సన్స్ జబ్బని తేలినప్పుడు గ్రీసులోని కవాలా ఊళ్ళో అందరికన్నా తక్కువ కంగారుపడింది పాస్కాలిసే. మెట్లూ మలుపులూ తప్ప మరేమీ లేని మా ఊళ్ళో అంతకాలం బస్సు నడిపి రిటైరైన మనిషికి కంగారు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. కుడిచెయ్యి వణుకుతుంది, కాళ్ళు గడప దగ్గరికి రాగానే మేకులు కొట్టినట్టు ఆగిపోతాయి, ఇది పూర్తిగా తగ్గే జబ్బు కాదు అని డాక్టరు చెబితే, పాత బండిని నడిపే పద్ధతి వేరు, నేర్చుకుంటే సరి అన్నాడట.

నేర్చుకున్నాడు కూడా. గడప దగ్గర కాళ్ళు మొరాయిస్తే మనసులో హ్యాండ్‌బ్రేకు తీసి, గేరు వేసి, అప్పుడు అడుగేస్తాడు. నవ్వకండి, పనిచేస్తుంది. చొక్కా గుండీలు పెట్టడానికి భార్య ఎవాంథియా వస్తే దగ్గరికి రానివ్వడు. రేడియోలో వార్తలు మొదలైనప్పుడు పై గుండీ పట్టుకుంటాడు, వాతావరణం చెప్పేలోగా కింది గుండీ కూడా పెట్టేశాడంటే ఆ రోజు పండగే. బేకరీ దాకా సొంతంగా వెళ్ళి వేడి నువ్వుల రొట్టె తెచ్చుకోవడం ఇంకో సంబరం. రేవు రోడ్డులో బస్సులు తోలే కుర్రాళ్ళు ఈయన్ని చూసి హారన్ కొడతారు. ఈయన చెయ్యెత్తుతాడు. ఎలాగూ ఊగే చెయ్యే కదా, వేరే ఊపే శ్రమ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, తావ్లి ఒక ఎత్తు. పొద్దుటి మాత్ర వేసుకున్నాక కాసేపు చెయ్యి చెప్పినమాట వింటుంది. ఆ మంచి సమయాన్ని పాస్కాలిస్ దేనికీ ఖర్చు పెట్టడు. నేరుగా దొమ్నక్క కాఫీ కొట్టుకి వెళ్ళి స్టెర్యోస్ ఎదురుగా కూర్చుంటాడు.

మా గ్రీకువాళ్ళకి తావ్లి పాచికల ఆటే అయినా, పాచికలు సగమే, మిగతా సగం నోరు. కాయ కదిపిన ప్రతిసారీ ఎదుటివాణ్ణి ఒక మాట అనాలి. ఓడినవాడు ఆట పలకని చెక్కపెట్టెలా మడిచి మూసి చంకలో పెట్టుకుని, కొట్టంతా "ఇంటికెళ్ళి నేర్చుకుని రా" అని సాగనంపుతుంటే వీధి వెంట ఇంటికి నడవాలి. స్టెర్యోస్ చేపల బజారులో అరిచి అరిచి గొంతు పెంచుకున్న మనిషి. చిన్నప్పటినుంచి పాస్కాలిస్‌ని తిట్టని రోజు లేదు. చెయ్యి వణకడం మొదలైన కొత్తలో, పాచికలు వేసే ముందే గిలకొట్టేసుకొస్తున్నాడు, ఇది మోసం అని కొట్టంతా వినేలా గోల చేశాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది పాస్కాలిసే.

ఈస్టరుకి పాస్కాలిస్ మెట్ల మీద పడ్డాడు. కొన్నాళ్ళు మంచం మీద ఉండి తిరిగొచ్చాడు. వచ్చినప్పటినుంచీ గెలుపే గెలుపు. మొదట్లో తెగ పొంగిపోయాడు. స్టెర్యోస్ పెట్టె చంకలో పెట్టుకుని గుళ్ళో దీపం పట్టుకున్నవాడిలా బుద్ధిగా వెళ్ళిపోయేవాడు. ఒక తిట్టు లేదు, ఒక ఎకసెక్కెం లేదు. అదే పాస్కాలిస్‌కి ఎక్కడో గుచ్చుకుంటూ ఉండేది.

తావ్లిలో ఒక రకం ఆటకి ఎవరి కాయలన్నీ వాళ్ళకి ఒకే గడిలో మొదలవుతాయి. అక్కడ ఆఖరున మిగిలిన కాయని తల్లి అంటాం. ఎదుటివాడి కాయ వచ్చి ఆ తల్లి మీద కూర్చుందంటే ఆట పోయినట్టే, పరువుతో సహా. కాబట్టి తల్లిని ఎవడూ ఒంటరిగా వదలడు. ఆ రోజు స్టెర్యోస్ వదిలాడు. కదపడానికి వేరే కాయలు బోలెడున్నాయి. పాస్కాలిస్ తలెత్తి చూస్తే వాడు సముద్రం వంక చూస్తున్నాడు.

పాస్కాలిస్ ఆ తల్లి మీద తన కాయ పెట్టి గెలిచాడు. గెలిచి, నేరుగా ఇంటికొచ్చాడు. ఎవాంథియా బీన్స్ తరుగుతోంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. డాక్టరు మనసు సంతోషంగా ఉంచమన్నాడట, అందుకని తనే స్టెర్యోస్ ఇంటికి వెళ్ళి, ఆయన్ని ఏమీ అనకు, కాస్త గెలవనియ్యి అని బతిమాలిందట.

"గెలిస్తే సంతోషం కాదా?" అంది.

"వాడు నన్ను తిడితే నేను పాస్కాలిస్‌ని, ఎవాంథియా. తిట్టకపోతే రోగిని. ఊరంతా నన్ను రోగిగా చూస్తోంది. వాడొక్కడే చూడలేదు, వాణ్ణి కూడా నువ్వు చెడగొట్టావు."

ఆవిడ కత్తి పక్కన పెట్టి ఏడ్చింది. పాస్కాలిస్ ఓదార్చలేదు. నిజంగానే కోపం వచ్చింది. నన్నడిగితే జాలి అంత దరిద్రపు వస్తువు ఇంకోటి లేదు, ఇచ్చేవాడికి పుణ్యం, పుచ్చుకునేవాడికి గుండెకోత. పోనీ వెళ్ళి స్టెర్యోస్‌ని సరిగ్గా ఆడమని అడుగుదామా అంటే, అడిగితే వచ్చేది మళ్ళీ జాలే. ఈ ముక్క పాస్కాలిస్‌కి తెలుసు. అందుకే ఇంకో దారి ఆలోచించాడు.

మర్నాడు అదే ఆట పెట్టాడు. కాసేపటికి తన తల్లిని తనే ఒంటరిగా వదిలేశాడు. స్టెర్యోస్ చూసీ చూడనట్టు పక్కనుంచి పోయాడు. పాస్కాలిస్ ఎదుటివాడి దారికి అడ్డంగా కట్టుకున్న తన కాయల్ని విప్పేశాడు. స్టెర్యోస్ ఇంకా దరిద్రంగా ఆడాడు. దొమ్నక్క ఎప్పటిలాగే పాస్కాలిస్ కాఫీ ఒలకకుండా పెద్ద గ్లాసులో సగానికి పోసి తెచ్చి, పలక మీదికి ఒకసారి చూసి, ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పక్క బల్లలవాళ్ళు కుర్చీలు జరుపుకున్నారు. పుట్టి బుద్ధెరిగి ఇద్దరు ఘనులు ఓడిపోవడానికి ఇంత పోటీ పడడం ఆ కొట్టు చూడలేదు.

చివరికి స్టెర్యోస్‌కే ఒళ్ళు మండింది.

"ఏం ఆటరా ఇది, సన్నాసీ? పసిపిల్లాడు కూడా తల్లిని అలా గాలికొదిలెయ్యడు."

"నిన్న నువ్వొదల్లేదూ?"

స్టెర్యోస్ పాచికలు కింద పెట్టాడు.

"నీకు ఒంట్లో బాలేదని..." అని నసిగాడు.

"బాలేదు. అది డాక్టరు చూసుకుంటాడు, నీకెందుకు? నాకున్నది ఒకే ఒక్క శత్రువురా. వాడు కూడా మంచివాడైపోతే ఇంక పొద్దున్నే ఎవడి కోసం లేవను? ఏం చూసుకుని ఆ గుండీలు పెట్టుకోను?"

స్టెర్యోస్ చేతిరుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు. కళ్ళు తుడుచుకున్నాడని దొమ్నక్క తర్వాత అందరికీ చెప్పింది, వాడు ఒప్పుకోలేదు. కాయలన్నీ మళ్ళీ మొదటి గడుల్లో పేర్చి, పాచికలు పాస్కాలిస్ ముందుకి తోశాడు. పాస్కాలిస్ వేశాడు, కదిపాడు. స్టెర్యోస్ ఆ ఎత్తు చూసి చాలాకాలానికి పాత గొంతు బయటికి తీశాడు.

"చెయ్యొక్కటే వణుకుతోందనుకున్నా. బుర్ర ఎప్పటినుంచి వణుకుతోందిరా నీకు?"

దొమ్నక్క వాణ్ణి వారించబోయింది. పాస్కాలిస్ మాత్రం బల్ల మీద కాఫీ ఒలికేలా నవ్వాడు.

ఆ తర్వాత జరిగిందే ఆట. ఎవడూ ఎవడికీ వీసమెత్తు వదల్లేదు. మధ్యాహ్నం దగ్గరపడేకొద్దీ మాత్ర బలం తగ్గి కాయలు పాస్కాలిస్ వేళ్ళలోంచి జారిపోసాగాయి. స్టెర్యోస్ సాయానికి చెయ్యి చాపలేదు. ఆగాడు, ఆగుతూనే, త్వరగా కదులు, నా చేపలు కుళ్ళిపోతున్నాయి అని తిట్టాడు. వాడు చేపలమ్మడం మానేసి ఎన్నేళ్ళయిందో ఊరందరికీ తెలుసు. ఆఖరికి స్టెర్యోస్ కాయ వచ్చి పాస్కాలిస్ తల్లి మీద దర్జాగా కూర్చుంది.

"పెట్టుకో చంకలో. నేర్చుకుని రా," అన్నాడు స్టెర్యోస్. కొట్టంతా గొంతు కలిపింది.

పాస్కాలిస్ పెట్టె ఎడమ చంకలో పెట్టుకుని బయల్దేరాడు. అది బాగున్న చెయ్యి, పెట్టె నోరెత్తదు. బేకరీ మలుపు దగ్గర ఆగి, పెట్టెని కుడి చంకలోకి మార్చుకున్నాడు. ఇంక చూడండి, లోపల కాయలన్నీ గలగలా గలగలా మోగుతూ వీధంతా చాటింపు వేశాయి. గుమ్మాల్లోకి వచ్చినవాళ్ళందరికీ తలూపుకుంటూ నడిచాడు. ఎవాంథియా బాల్కనీలో ఉంది, నిన్నటి ఏడుపుతో కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. మనిషి కనబడకముందే ఆవిడకి ఆ చప్పుడు వినబడింది.

"ఓడిపోయావా?" అని పైనుంచి భయంభయంగా అడిగింది.

"చిత్తుచిత్తుగా."

గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. హ్యాండ్‌బ్రేకు తీశాడు, గేరు వేశాడు, లోపలికొచ్చాడు. పెట్టె బల్ల మీద పెట్టి తెరిచి కాయలు పేర్చడం మొదలుపెట్టాడు.

"ముందు అన్నం పెట్టు, ఎవాంథియా," అన్నాడు. "రేపు వాడి పని పట్టాలి."