గుంతలో పడ్డ మన్ను

శంషాబాద్ రోడ్డు పక్క నర్సరీలో అమ్మకానికి పెట్టిన ఎర్రమన్ను సంచులు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు చిన్నాయన మా జొన్న చెల్క పక్కనున్న తన చెల్కను, రోడ్లకు పోసే మొరం తవ్వకానికి ఇచ్చాడు. గట్టు అంచుదాకా తవ్వించాడు.

"వానొస్తే మా మన్నంత నీ గుంతలనే పడ్తది" అని అమ్మ మొత్తుకుంది.

"నా చెల్క, నా ఇష్టం. నీకేంది?"

మొదటి పెద్దవానకే గట్టు తెగింది. మా పైమన్ను మొలిచిన జొన్నతో సహా గుంతలోకి జారిపోయింది. తెల్లారి అమ్మా నేనూ గుంతలో దిగి, ఆ తడిమన్నును తట్టలకెత్తసాగాం. చిన్నాయన వచ్చి అంచున నిలబడ్డాడు.

"నా గుంతల పడ్డది నాది, వదినె. ముట్టకు."

"థూ!" అంది అమ్మ, తట్ట నింపుతూనే.

నాకు ఆయన మాటే సబబనిపించింది. అమ్మ దొంగతనం చేస్తోందనుకుని, నా తట్టను తిరిగి గుంతలో కుమ్మరించాను.

"జూడు, పోరికున్న తెలివి నీకు లేదు" అన్నాడాయన. ఆ పొగడ్తకు మురిసి నేను నవ్వాను.

అమ్మ ఆ మన్ను మళ్లీ ఎత్తుకుంది.

మోసినంత మోసినా ఆ పక్క మళ్లీ పంట రాలేదు. చిన్నాయనతో అమ్మ మాట్లాడలేదు, నేనూ మాట్లాడను. నా నవ్వు గురించి మాత్రం అమ్మ నన్నెన్నడూ ఒక్క మాట అనలేదు.