అన్నయ్య పేరిట అడ్మినిస్ట్రేటర్

నాందేడ్‌లో మాది ఉమ్మడి కుటుంబం. ఏది కొన్నా పెద్దవాడి పేరిటే ఉండాలి. అందుకే కంప్యూటర్‌లో దేనికైనా అనుమతి ఇవ్వగల అడ్మినిస్ట్రేటర్ ఖాతా అన్నయ్యకిచ్చి, నేను మామూలు ఖాతా తీసుకున్నాను. మేడ మీద పందొమ్మిదేళ్లు రోజూ నేను కొలిచిన వాన లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. నకలు తీసుకోలేదు.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఏ ఫైలూ తెరుచుకోలేదు. తెర మీద, డబ్బు పంపితేనే తెరుస్తామన్న బెదిరింపు.

"ఏం నొక్కినవ్ అన్నా?"

"భజన పాటలకని ఏదో దించిన తమ్మీ. పర్మిషన్ ఇస్తవా అని అడిగింది. ఇంటి పెద్దను గద, ఇచ్చిన."

కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి చూసి పెదవి విరిచాడు. లెక్కలు తిరిగి రాలేదు.

అన్నయ్య ఇప్పుడు ఆ గదిలోకే రాడు. మర్యాద కోసం ఆయన చేతికి అధికారం ఇచ్చాను గానీ, అది ఎంత పని చేస్తుందో ఒక్క మాటైనా చెప్పలేదు. పోయిన వానల కన్నా అదే నన్ను ఎక్కువ బాధిస్తోంది.