ముందుగాల బ్యాటరీ చూసిన్రా?

గోగుల ఆగయ్య, తండ్రి పేరు లచ్చయ్య, విశ్రాంత ల్యాంపురూము మిస్త్రీ, నివాసం గోదావరిఖని. ఈ లోకంలో ఏ వస్తువు చెడినా, ఏ పని నిలిచినా, ఏ మనిషి నీరసించినా అందుకు కారణం బ్యాటరీయేనని త్రికరణశుద్ధిగా నమ్మిన మనిషి ఆయన. గని కార్మికుల కాలనీ బడిలో పనిచేసి విరమించిన కెరోలిన్ టీచరుకు ఆయనతో తొలి పరిచయం ఆరేళ్ల కిందట, ఒక నవంబరు ఉదయం, బ్యాంకు వరుసలో జరిగింది. తాము బతికే ఉన్నామని పింఛనుదారులందరూ ఏటా రుజువు చేసుకోవలసిన వరుస అది.

ఆ ఉదయం వేలిముద్రల యంత్రం ఎవరినీ సజీవులుగా అంగీకరించడం లేదు. నలభైమంది వృద్ధులు బొటనవేళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. "సర్వరు లేదు, రేపు రండి" అని గుమాస్తా ప్రకటించాడు. రేపటిదాకా తాము ఏ లెక్కలో ఉన్నట్టో ఎవరికీ బోధపడలేదు. అప్పుడు వరుసలోంచి ఒక సన్నని, పొడుగాటి మనిషి ముందుకు వంగి పరమ వినయంగా అడిగాడు.

"ముందుగాల బ్యాటరీ చూసిన్రా?"

"ఇది కరెంటు మిషను తాతా. దీనికి బ్యాటరీ ఉండదు."

"ఉండదనుకునుడే తప్పు. నీ చేతుల మౌసు ఉన్నది గద, దానికి తోక లేదు. తోక లేనిదానికి పొట్టల బ్యాటరీ ఉంటది."

అనుమతి కోసం ఎదురుచూడకుండా ఆయన మౌసు పొట్ట విప్పి, బ్యాటరీ తీసి, రెండు కొసలూ ప్యాంటుకు రుద్ది, తిరిగి పెట్టాడు. యంత్రం పచ్చదీపం వెలిగించింది. సర్వరు అదే క్షణానికి తనంతట తానే వచ్చిందని గుమాస్తా ఇప్పటికీ వాదిస్తాడు. నలభైమంది ఒకే పూట పునరుత్థానం చెందడం బైబిలుకు బయట కెరోలిన్ టీచరు చూడటం అదే మొదలు.

ఆగయ్య అంతటితో ఊరుకోలేదు. ఆమె మణికట్టు వైపు చూసి, "టీచరమ్మ, మీ గడియారం రెండు నిమిషాలు ఎనకున్నది. బ్యాటరీ మార్సాలె" అన్నాడు. ఆమె గడియారాన్ని చూసి బడిగంట కొట్టిన కాలం ఒకటుండేది. ఆ అవమానంతో ఆమె ఇంటికి వెళ్లి సరిచూసుకుంది. రెండు నిమిషాలే.

ఆగయ్య తొలి పదేళ్లూ బాయిలో, అంటే భూగర్భ గనిలో, బొగ్గు పేల్చే పనిలో ఉండి, వినికిడిలో ఎక్కువ భాగం అక్కడే సమర్పించాడు. తరువాత ఇరవై ఎనిమిదేళ్లు గని పైన, దీపాలిచ్చే ల్యాంపురూములో పనిచేశాడు. షిఫ్టుకు దిగే ప్రతివాడి టోపీదీపమూ, నడుముకు కట్టుకునే బ్యాటరీయూ ఆయన చేతిమీదుగానే వెళ్లేవి. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన ఇచ్చిన దీపం ఒక్కటీ బాయిలో ఆరలేదని పాత కార్మికులు చెప్పుకుంటారు. అంతటి క్రమశిక్షణ ఉద్యోగవిరమణతో ఆగుతుందా? టోపీదీపాలు పోయాయి కనుక, కాలనీలోని సమస్త గృహోపకరణాలూ ఆయన అజమాయిషీలోకి వచ్చాయి.

పనిలేని వస్తువులో బ్యాటరీ ఉంచరాదన్నది ఆయన మొదటి సూత్రం. కెరోలిన్ టీచరు ఇంటికి వచ్చినప్పుడల్లా ఛాయ్ చల్లారేలోపు టార్చిలైటునూ, రిమోటునూ, పాత రేడియోనూ విప్పి, బ్యాటరీలన్నీ బల్లమీద వరుసగా పేర్చేవాడు.

"అదేమిటండీ, గోడగడియారంలోది కూడా తీశారు?"

"మీరు పగటిపూట పండుకుంటరు గద. అప్పుడెవలు చూస్తరు దాన్ని? పనిలేనిదాంట్ల బ్యాటరీ ఉంచుడంటే డ్యూటీ లేనోన్ని బాయిల కూసోబెట్టుడే. లోపలనే కారిపోతది పాపం."

'ముందుగాల' అన్న మాటను సరిదిద్దాలన్న కోరిక ఆమెను తొలి రెండు వారాలు వేధించింది. బాయిలో పనిచేసిన తన తండ్రి నోట కూడా అదే మాట వినేదాన్నని జ్ఞాపకం వచ్చాక, ఎర్రసిరాను పక్కన పెట్టింది. అది ఆమె జీవితంలో చేసిన పెద్ద త్యాగాల్లో ఒకటి. ముప్పై నాలుగేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఏ నోటుపుస్తకంలోనూ 'చూచితిని' అన్న మాటకు మించి మెచ్చుకోలు రాసిన మనిషి కాదామె.

ఇంతలో దేశానికి పాత రీలు కెమెరాల పిచ్చి పట్టింది. కుర్రకారు తాతల అటకలు వెతికి, బూజు దులిపి, పేర్లు పలకలేని కెమెరాలను మెడలో వేసుకోసాగారు. వాటిలో ఒక్కటీ పనిచేసేది కాదు. బ్యాటరీ పెట్టి ముప్పై ఏళ్లు మరిచిపోయిన కెమెరా ఎలా పనిచేస్తుంది? కమాన్‌పూర్ నుంచి, కాసిపేట నుంచి, బెల్లంపల్లి నుంచి కూడా అవి ఆగయ్య వరండాకు రాసాగాయి. ప్రతిదానికీ ల్యాంపురూము పద్ధతిలోనే ఒక నంబరు బిళ్ల ఇచ్చి, గోడమేకుకు తగిలించేవాడు. దూదికొనతో వెనిగరు, పెన్సిలు చెరిపే రబ్బరు, ఒక మీటరు: ఇంతే ఆయన సరంజామా.

ఒకసారి గోదావరి ఒడ్డున పెళ్లికి ముందు ఫోటోలు తీస్తున్నారు. వరుడి చేతిలో పాత కెమెరా. దాన్ని పట్టుకుని అతడు వధువు వైపు గురిపెట్టగా, ఆ దృశ్యాన్ని పైనుంచి డ్రోను చిత్రీకరించాలి. దారినపోతున్న ఆగయ్య వరుడి చేతిలోంచి కెమెరా తీసుకుని, మూత విప్పి, లోపలి పచ్చటి చిలుమును గీకడం మొదలుపెట్టాడు. పావుగంటసేపు వరుడు ఉత్త చేతులతో గురిపెట్టి నిలబడ్డాడు.

"తాతా, అది ఉట్టిగ పట్టుకునేటందుకే!" అని ఫోటోగ్రాఫరు మొత్తుకున్నాడు.

"పట్టుకునేటందుకైతే ఇటుక పట్టుకోరాదు?"

కెమెరాలకు ఆయన వేసే మందు ఒక గుండీ బ్యాటరీ. ఆయన దానికి గాలిబిళ్ల అని పేరు పెట్టాడు. పూర్వం ఆ కెమెరాల్లో వాడిన పాదరసపు బిళ్లలు ఇప్పుడు తయారుకావు. గడియారాల బిళ్ల వేస్తే బలం ఎక్కువై, వెలుతురు కొలిచే ముల్లు అబద్ధం చెబుతుంది. గాలిబిళ్ల బలం పాతదానికి సరిగ్గా సరిపోతుంది. దాని వీపుమీది స్టిక్కరు పీకితే, సన్నని రంధ్రాలగుండా గాలి పీల్చి అది ప్రాణం పోసుకుంటుంది. అందుకు అయిదు నిమిషాలు ఆగాలి. ఈ అయిదు నిమిషాల విషయంలో ఆయన ఎంతటివారికీ మినహాయింపు ఇవ్వడు.

"పొద్దుగాల లెవ్వంగనే నువ్వు పనికెక్కుతవా? మొఖం కడుగుతవ్, ఛాయ్ తాగుతవ్. దానికిగూడ అయిదు నిమిషాలియ్యి."

గాలిబిళ్లలు ఎక్కడివని అడిగితే "ఉన్నయి" అని మాత్రం అనేవాడు.

ఇందరి బ్యాటరీలు చూసే ఆగయ్య చెవిమిషను మాత్రం నెలలో ఇరవై రోజులు మూగదే. ఇది కాలనీకంతటికీ తెలిసిన వినోదం. భార్య మల్లక్క బజారున పడి చెప్పేది. "ఊరందరి బ్యాటరీలు చూస్తడు, ఆయన చెవులది చూసుకోడు! పొద్దుగాల అడిగిన ముచ్చటకు మాపటికి తలూపుతడు!" మల్లక్క మాటలు తప్పించుకోవడానికే మిషను ఆపుకుంటాడని కాలనీలో బలమైన అభిప్రాయం. కెరోలిన్ టీచరుదీ అదే పక్షం. "ఊరికి ఉపదేశించే ముందు మీ చెవిలోనిది చూసుకోరాదూ?" అని మందలించేది. ఆయన చిరునవ్వు నవ్వేవాడు. వినపడితే గదా బదులు చెప్పడానికి!

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఆమే ఒక కెమెరా పట్టుకుని ఆ వరండా ఎక్కవలసి వచ్చింది. అది ఆమె పనిచేసిన బడి కెమెరా. అది బడికి వచ్చిన నాటినుంచీ, ఉద్యోగవిరమణ తరువాత కూడా, ఏటా ఏడో తరగతి పిల్లలను బడిగంట కింద నిలబెట్టి, అదే కెమెరాతో ఆమె ఫోటో తీసేది. బడిగంట అంటే గనిలో వాడి పారేసిన ఇనుప రైలుపట్టా ముక్క. ముప్పై అయిదు ఫోటోలు గోడమీద వరుసగా ఉన్నాయి. ముప్పై ఆరోదానికి మేకు కొట్టి ఉంది. అదే ఆఖరిది. కాలనీ ఖాళీ అవుతున్నందున, ఏప్రిల్ ఇరవై మూడున బడి మూసి, మిగిలిన పదకొండుమంది పిల్లలను వేరే బడికి పంపుతున్నారు.

పదకొండుమందిని సాగనంపడానికి పద్నాలుగుమందితో వీడ్కోలు సంఘం ఏర్పడింది. దాని అధ్యక్షుడు ప్రధానోపాధ్యాయుడు రవికాంత్. "ఫోనుతో తీసేద్దామండీ, చిటికెలో పని" అని ఆయన సలహా. కెరోలిన్ టీచరు ఒప్పుకోలేదు. నాలుగేళ్ల కిందటి స్వాతంత్ర్య దినోత్సవపు ఫోనుఫోటోలో, ఆనాడు సెలవులో ఉన్న రవికాంత్ జెండాకు వందనం చేస్తూ కనిపించాడు. రీలు అటువంటి మర్యాదలు చేయదు.

కెమెరాలో ముల్లు కదలడం లేదు, బటను దిగడం లేదు. ఆగయ్య మూత విప్పాడు. ఆమె వేసిన కొత్త బిళ్ల తలకిందులుగా ఉంది. కూడిక గుర్తు ఎటు ఉండాలో ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పిన మనిషి ముఖం ఎర్రబడింది. ఆయన ఆమె వైపు చూడనే లేదు.

"ఈ బ్యాటరీ మంచిది కాదు టీచరమ్మ. మీటరు మీద మంచిగనే చూపిస్తది. ఉట్టిగ నిలబడితె అందరు పహిల్వాన్లే. తట్ట నెత్తికెత్తితె తెలుస్తది."

చిలుము తుడిచి, రబ్బరుతో రుద్ది, గాలిబిళ్ల వేశాడు. అయిదు నిమిషాలకు ముల్లు లేచి నిలబడింది.

"ఇగ ఫోటో దినం దాక బ్యాటరీ తీసి, స్టిక్కరు అంటిచ్చి, డబ్బల పెట్టున్రి. కెమెరాల ఉంచద్దు."

"నాకు ఒకసారి చెబితే చాలునండీ."

ఏప్రిల్ ఇరవై మూడు. పొద్దున తొమ్మిదికే ఎండ నెత్తిమీద కూర్చుంది. పదకొండుమంది పిల్లలు పట్టా ముక్క కింద నిలబడ్డారు. పది గంటలకు ఆ పట్టాను దించడానికి మనుషులు నిచ్చెనతో సిద్ధంగా ఉన్నారు. సంఘంలోని పద్నాలుగుమందీ మాట్లాడారు. అందరూ సమయపాలన గురించే మాట్లాడటంతో పదికి ఇంకా పది నిమిషాలే మిగిలాయి. కెరోలిన్ టీచరు కెమెరా ఎత్తి బటను నొక్కింది.

దిగలేదు.

రవికాంత్ ఫోను తీశాడు. "అందుకే మొదట్నుంచీ చెబుతున్నానండీ!"

ఆగయ్య వచ్చి కెమెరా అందుకున్నాడు. మూత విప్పగానే ఇద్దరికీ తెలిసిపోయింది. బ్యాటరీ లోపలే ఉంది. రోజూ ఉదయం ముల్లు లేస్తోందో లేదో చూసుకోవాలన్న ఆరాటంలో, రెండు నెలలుగా ఆమె దాన్ని తీయలేదు. ఆ ఎండలకు గాలిబిళ్ల లోపలే ఎండిపోయింది. పద్నాలుగు జతల కళ్లు ఆమె మీద ఉన్నాయి.

"టీచరమ్మ తప్పేంలేదు!" అని ఆగయ్య అందరికీ వినపడేలా ప్రకటించాడు. "బ్యాటరీదే తప్పు. ఖరాబుది పడ్డది. ఫికర్ చెయ్యకున్రి."

జేబులు తడుముకున్నాడు. ఏమీ లేదు. ఆఖరిది నిన్ననే కాసిపేట కెమెరాకు వేశాడట. నిచ్చెనవాళ్లు పట్టాకు తాడు బిగిస్తున్నారు. ఆగయ్య స్తంభం చాటుకు వెళ్లి, అరనిమిషంలో ఒక బిళ్లతో తిరిగి వచ్చాడు. అయిదు నిమిషాలు ఆగకుండానే కెమెరాలో వేసి ఆమె చేతికిచ్చాడు.

ముల్లు లేచింది. పదకొండు ముఖాలు, పైన పట్టా ముక్క. బటను దిగింది. ఆ చిన్న చప్పుడుకు ముప్పై నాలుగేళ్లలో ఎవరికీ ఇవ్వనిది కెరోలిన్ టీచరు నోట వచ్చేసింది.

"ఆగయ్య గారూ, నూటికి నూరు!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆగయ్య తల కూడా తిప్పలేదు. కాసేపటికి ఆమె వైపు చూసి, "అద్దానికి మూత పెట్టున్రి, ఎలుగుకు బ్యాటరీ కాలుతది" అని, మైకు బ్యాటరీ విప్పడానికి వెళ్లిపోయాడు.

కెరోలిన్ టీచరుకు మనసు చివుక్కుమంది. జీవితంలో ఇచ్చిన ఒకే ఒక్క నూరు, మూత పెట్టమన్న సలహాతో తిరిగి వచ్చింది. ఇంటికి వెళ్లి బ్యాటరీ తీసి, స్టిక్కరు అంటించబోయింది. అప్పుడు ఆగిపోయింది. స్టిక్కరు ఏది? పొద్దున ఆయన ఇచ్చినప్పుడే దానికి లేదు. ఎంతటివారికీ మినహాయింపు ఇవ్వని మనిషి అయిదు నిమిషాలు ఎందుకు ఆగలేదు? అప్పటికే గాలి పీలుస్తున్న బిళ్ల అది. ఎక్కడో పనిచేస్తూ ఉన్న బిళ్ల.

సాయంత్రం మల్లక్క గేటు దగ్గరినుంచే కేక వేసింది. "టీచరమ్మా! మా ముసలాయన చెవిమిషనుల బ్యాటరీ మల్ల ఎవలకిచ్చిండో జర చెప్పున్రి! దవాఖానల నెలకు ఆరిస్తరు. ఆరుకు ఆరు గా కెమెరాలకే పెడ్తడు. నిన్న కాసిపేటోనికి ఒకటాయె, బెల్లంపల్లి పోరికి రెండాయె. ఇయ్యాల చెవులున్నదే పీకి ఎవలకో పెట్టిండు!"

బెల్లంపల్లి నుంచి కమాన్‌పూర్ దాకా పాత కెమెరాల ముళ్లన్నీ ఆగయ్య చెవి దయవల్ల లేచి నిలబడుతున్నాయన్న సంగతి అట్లా బయటపడింది. కాలనీ బలమైన అభిప్రాయమూ, అందులో తన వాటా ఉపదేశాలూ కెరోలిన్ టీచరుకు ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చాయి. ఎవరికీ రాయని ఎర్రసిరా వ్యాఖ్య ఒకటి ఆమె తనకు తాను రాసుకుంది.

ఆదివారం ప్రార్థన ముగించుకుని వస్తూ ఆమె మందుల దుకాణంలో గాలిబిళ్లల అట్టలు రెండు కొన్నది. ఒకటి కెమెరాలకనీ, రెండోది చెవికనీ పెద్ద అక్షరాలతో, స్పష్టమైన విరామచిహ్నాలతో రాసింది. కడిగించి తెచ్చిన ముప్పై ఆరో ఫోటోను బల్లమీద పెట్టింది. సాయంత్రం ఆగయ్య వచ్చి కూర్చున్నాడు. చెవి అట్టలోంచి ఒక బిళ్ల తీసి, స్టిక్కరు పీకి, అయిదు నిమిషాలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తరువాత మిషనులో వేసి, చెవికి తగిలించుకుని, ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు.

"టీచరమ్మ, ఆనాడు మీరేందో అన్నరట. పోరగాండ్లు చప్పట్లు కొట్టిన్రట. నాకు మల్లక్క చెప్పింది. మీరు మంచి మాట అన్నరంటె నేను నమ్మలె."

కెరోలిన్ టీచరు గొంతు సవరించుకుంది.

"జర ఆగున్రి" అని ఆయన చెయ్యి ఎత్తాడు. కుర్చీ జరిపి, పైకెక్కి, గోడగడియారం దించి, బ్యాటరీ తీసి బల్లమీద పెట్టాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. తిరిగి కూర్చుని, మిషను ఉన్న చెవిని ఆమె వైపు తిప్పాడు.

"గా టిక్కుటిక్కు అడ్డమొస్తది. ఇగ మల్లొక్కసారి అనున్రి."