వాల్వు తీసినా పాట ఆగలేదు

ఆ వీధిలో ఎవరినైనా "వాల్వు పెద్దాయన ఇల్లెక్కడ" అని అడిగితే వేలు చూపించి ఊరుకోరు, వెంటబెట్టుకుని తీసుకెళ్ళి గుమ్మంలో దింపి వస్తారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు గనుక ఆయనకు ఇప్పుడు అదే పేరు. చదువుకున్నది పల్లెటూరి బడిలో, ఐదో తరగతి దాకా. తరగతులన్నిటికీ కలిపి ఒకటే గది, ఒకడే పంతులు. అక్కడ నేర్చిన కూడికలు, తీసివేతలతోనే మీసాలు రాకముందే మూలనపడ్డ రేడియో విప్పి పలికించిన మనిషి ఆయన. టౌనులో సినిమా హాలు తెరిచిననాడు తెర వెనక స్పీకర్లకు తీగలు లాగింది ఆయనే. రైల్వే స్టేషన్లో బండి వస్తోందని చెప్పే గొంతు ప్లాట్‌ఫారం చివర నిలబడ్డవాడికి కూడా తేటగా వినబడిందంటే అది ఆయన చలవే. ట్రాన్సిస్టర్లు వచ్చాయి, ఇక రేడియోల్లో దీపాల్లా వెలిగే గాజుబుడ్డి వాల్వులకు నూకలు చెల్లాయని అందరూ అంటే నవ్వి ఊరుకున్నాడు. కొన్నేళ్ళకు గిటారు వాయించేవాళ్ళంతా మళ్ళీ వాల్వు యాంప్లిఫయర్లే కావాలని ఆయన గుమ్మం ముందు వరస కట్టారు. ఆయన చేయి పడని గిటారు యాంప్లిఫయరు ఆ చుట్టుపక్కల లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, తమ్ముడి యాంప్లిఫయరుకు పెట్టిన లూపు ఒక ఎత్తు.

లూపు అంటే పెద్ద మర్మమేమీ కాదు. యాంప్లిఫయరులో ముందు భాగం గిటారు శబ్దానికి రూపం ఇస్తుంది, వెనక భాగం బలం ఇచ్చి స్పీకరుకు పంపుతుంది. ఆ రెంటి నడుమ గోడకు కిటికీ కొట్టినట్టు ఒక దారి తెరిచి, శబ్దాన్ని బయటికి పంపి, ప్రతిధ్వని పుట్టించే ఎకో పెట్టెలో తిప్పి మళ్ళీ లోపలికి తెచ్చుకోవడమే లూపు. బయట తిరిగొచ్చే శబ్దం నీరసపడుతుంది గనుక దానికి ఊపిరి పోయడానికి ఒక వాల్వు కావాలి. పెద్దాయన తమ్ముడు క్లబ్బుల్లో గిటారు వాయించేవాడు. వాడికి ఎకో కావాలంటే పెద్దాయన తన చేత్తో రేకుకు రంధ్రం కోసి, సాకెట్టు బిగించి, అదనంగా ఒక వాల్వు పెట్టాడు. ఎకో పెట్టె ఉన్నా లేకపోయినా శబ్దం ఆ వాల్వులోంచి పోయి తీరాలి, కట్టడమే అలా కట్టాడు. కొన్నాళ్ళకు తమ్ముడు ఎకో మానేశాడు. "ఆ మోజు తీరిపోయింది అన్నయ్యా" అన్నాడు. మానేసినా వాడి గిటారు మోతకు జనం తలలూపడం మానలేదు. ఎవరైనా వచ్చి ఆ సౌండు గురించి అడిగితే తమ్ముడు గడ్డంతో ఇటు చూపించి, "మా అన్నయ్య పని" అనేవాడు. పెద్దాయన ఆ మాటను ఊరంతటికీ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

వానలు మొదలవకముందు తమ్ముడు పోయాడు. కూర్చున్న కుర్చీలోనే పోయాడు.

తలకింద చేయి పెట్టుకుని పడుకుంటే, లేచేసరికి ఆ చేయి మనది కానట్టుంటుంది. పెద్దాయనకు ఒళ్ళంతా అలాగే ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళకు సినిమా హాలు సంగతి చెప్పాడు, రైల్వే స్టేషను సంగతి చెప్పాడు, లూపు సంగతి చెప్పాడు. కంట తడి మాత్రం రాలేదు. "గుండె రాయి చేసుకున్నాడు" అని వాళ్ళు గుమ్మం దాటాక అనుకున్నారు. రాయి చేసుకోవడానికి కూడా ఏదో ఒకటి చేయాలి కదా, ఆయన ఏమీ చేయలేదు. పెట్టింది తిన్నాడు, చెప్పినప్పుడు పడుకున్నాడు.

అలాంటి ఒక ఉదయం తమ్ముడి కూతురు ఆ యాంప్లిఫయరును టాక్సీలో వేసుకొచ్చింది. తండ్రి గిటారు భుజాన ఉంది.

"పెదనాన్నా, వచ్చే ఆదివారం క్లబ్బులో నాన్న పాటలు నేను వాయిస్తున్నా. ఎకో పెట్టె తెచ్చి లూపులో పెట్టాను. పెట్టినా పెట్టకపోయినా ఒకటే. దున్నపోతు మీద వాన."

"వాడకపోతే ఏదైనా మొండికేస్తుంది. చూస్తాలే."

"ఒక్కటి మాత్రం. నాన్న సౌండు మారకూడదు. ఎకో రాకపోయినా సర్దుకుంటా. ఆ సౌండు పోతే నేను స్టేజీ ఎక్కను."

"అదెందుకు పోతుందమ్మా. ఆ సౌండు నా లూపుదేగా."

టీ గ్లాసులతో వచ్చిన పెద్దాయన భార్య ఏదో అనబోయి, గ్లాసులు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దాయన యాంప్లిఫయరు వెనక రేకు తీసి, పెట్టె వీపును తన వైపు తిప్పుకున్నాడు. కరెంటు పెట్టాక వాల్వులన్నీ ఎర్రగా రాజుకున్నాయి, లూపు వాల్వు కూడా. సాకెట్లు తుడిచాడు. ఎకో పెట్టె తగిలించాడు. ఏ మార్పూ లేదు.

"నువ్వు వాయిస్తూ ఉండమ్మా, ఆపకు" అన్నాడు.

ఆ పనిలో పాత పద్ధతి ఒకటుంది. ఒక్కో వాల్వూ పీకి చూడటం. ఏది పీకితే పాట ఆగిందో, పాట దాని గుండా పోతున్నట్టు. పెద్దాయన చేయి పెట్టి లూపు వాల్వు పీకాడు.

పాట ఆగలేదు.

పిల్ల తల వంచుకుని తండ్రి పాటే వాయిస్తోంది. స్పీకరులోంచి తమ్ముడి మోత తమ్ముడి మోతలాగే వస్తోంది, వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దాయన చేతిలో వాల్వు ఉంది. ఆ వాల్వు ఉన్న చోట చీకటి బొక్క ఉంది. కాసేపు అలాగే నిలబడి, వాల్వును మళ్ళీ దాని చోట గుచ్చాడు. అది మెల్లగా వెలిగింది.

"దొరికిందా పెదనాన్నా?"

"దొరుకుతుంది. వదిలేసి వెళ్ళు. శనివారం రా."

పిల్ల వెళ్ళాక కరెంటు తీసి, కండెన్సర్లలో నిలవున్న కరెంటును రెసిస్టరు ఆనించి దించి, మీటరు పెట్టి చూసుకుని, అప్పుడు పెట్టెను బోర్లించాడు. ఇంత వయసులోనూ ఆ వరస తప్పడు. టార్చి వేస్తే కనబడింది. ముందు భాగం చివరినుంచి వెనక భాగం మొదటికి ఒక పచ్చతీగ, లూపును పక్కన పెట్టేసి, అడ్డదారిన పోతోంది. రెండు కొసలా సీసం కరిగించి అతికిన టాంకా బఠాణీ గింజంత ముద్దలు. పెద్దాయన టాంకా ఏనాడూ అలా ఉండదు, అద్దంలా మెరుస్తుంది. వాల్వు వెలగడానికి కావలసిన తీగలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వెలుగుతుంది, అంతే. దానిలోంచి ఏదీ పోదు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే భార్య ఆయన చేతిని చూసింది.

"వేళ్ళేంటి అలా కమిలిపోయాయి?"

ఆయనా చూసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు ఎర్రగా పొంగి ఉన్నాయి. వాల్వును గుడ్డ లేకుండా పట్టుకున్నాడన్నమాట. అప్పుడు తెలియలేదు.

"తమ్ముడి పెట్టెలో ఎవరో పచ్చతీగ అతికారు" అన్నాడు.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"వంటగట్టు మీద నల్లమచ్చ ఉంది చూశారా" అంది.

"నువ్వు పెనం దించి కాల్చింది."

"ఇన్నేళ్ళూ ఆ నింద మోసింది నేను. కాల్చింది మీ తమ్ముడు. మీరు భోంచేసి గుర్రు పెడుతుంటే మీ సోల్డరింగ్ ఐరను ఎత్తుకొచ్చి ఆ గట్టు మీద దుకాణం పెట్టాడు. ‘వదినా, ఫ్యాను వేయకు, కడ్డీ చల్లారిపోద్ది’ అంటాడు. ఆ వాసనకి మీరు లేస్తారేమోనని నేను పక్కన ఉల్లిపాయలు వేయించా. మాడిపోయేదాకా వేయించా."

"ఎందుకు చేశాడు?"

"మీ లూపు పెట్టాక గిటారు ముసుగు తన్ని పాడినట్టుందట."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్పాడు. ఒకసారి కాదు. ‘పోయి చెవులు కడిగించుకోరా’ అన్నారు మీరు. మర్చిపోయారా?"

మర్చిపోలేదు. తన పనికి వంక పెట్టి ఆ మాట తిన్నది వాడొక్కడే కాదు గనుక వాడిని విడిగా గుర్తు పెట్టుకోలేదు.

"వద్దనుకున్నవాడు వాల్వు పీకి పారేయక, వెలగనిచ్చాడెందుకు?"

"నేనూ అదే అడిగా. ‘అన్నయ్య వచ్చినప్పుడల్లా వెనకనుంచి తొంగిచూస్తాడు వదినా, వెలుగుతూ ఉండాలి’ అన్నాడు. నాతో ఒట్టు కూడా వేయించుకున్నాడు." ఆవిడ మళ్ళీ గరిటె తీసుకుంది. "ఇంకొంచెం వేయనా?"

"వేయి" అన్నాడు.

కోపం వస్తుందేమో అని చూశాడు, రాలేదు. ఏడుపు వస్తుందేమో అని చూశాడు, అదీ రాలేదు. వడ్డించింది తిని చేయి కడుక్కున్నాడు. గట్టు దగ్గర ఆగి ఆ మచ్చను గోటితో గీకి చూశాడు. పోయేది కాదు.

ఆ తర్వాత రెండు దారులున్నాయి ఆయన ముందు. పచ్చతీగ పీకేస్తే తన లూపు బతుకుతుంది, ఇన్నేళ్ళు చెప్పుకున్న మాట నిజమవుతుంది, పిల్లకు ఎకో వస్తుంది. తండ్రి సౌండు మాత్రం పోతుంది. తీగ అలాగే ఉంచి "సాకెట్టు చెడిపోయిందమ్మా, ఎకో కుదరదు" అనేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఊరి వాళ్ళు సౌండు ఆయనదేనని అనుకుంటూనే ఉంటారు. రెండోది చాలా తేలిక. ఒక పూటంతా ఆ తేలికను పట్టుకునే కూర్చున్నాడు.

మర్నాడు స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. చేతులకు ఆ అలవాటుంది, మనసు రాకపోయినా అవి పనికి పోతాయి.

ఆ లూపు వాల్వు ఒక గాజుబుడ్డిలో రెండు వాల్వులు, ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల్లాగా. ఆ రోజుల్లో పెద్దాయన ఆ ఇద్దరినీ తిరిగొచ్చే శబ్దాన్ని అందుకునే వైపే కూర్చోబెట్టాడు, పంపే వైపు ఎవరినీ పెట్టలేదు. పంపేదానికి బలమెందుకు, అదే పోతుందిలే అనుకున్నాడు. తోడు లేకుండా పోయిన శబ్దం తీగ పొడుగునా మొన అరిగిపోయి తిరిగొచ్చేది. దానికి ఎంత బలం ఇచ్చినా పోయిన మొన రాదు. ఇప్పుడు ఒకణ్ణి తీసి పంపే వైపు పెట్టాడు, ఒకణ్ణి అందుకునే వైపు ఉంచాడు. ఎకో పెట్టె తట్టుకోలేనంత మోత పోకుండా పంపే చోట ఒక చిన్న వాల్యూం మీట పెట్టాడు. కరెంటు పెట్టి, షాకు కొట్టినా గుండె మీదుగా పోకుండా ఎడమ చేతిని జేబులో దోపుకుని, భార్య స్వెట్టరు అల్లే కర్రపుల్లతో ఒక్కో టాంకానూ తట్టి చూశాడు. ఎక్కడా చిటపటలు లేవు. ఎకో పెట్టె తగిలించి తన దగ్గరున్న పాత గిటారు తీగ మీటితే శబ్దం గది నాలుగు మూలలనుంచీ మొన విరగకుండా తిరిగొచ్చింది. బాగుంది. బాగుందని తెలిసింది, అంతే.

ఇక పచ్చతీగ. ఒక కొస మాత్రం విప్పి వెనక రేకు మీద బిగించిన స్విచ్చికి చేర్చాడు. రెండో కొసనున్న బఠాణీ ముద్దను ముట్టుకోలేదు. కడ్డీ దాని దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేశాడు.

శనివారం పిల్ల వచ్చింది. ఆయన రేకు మూయకుండా ఉంచాడు.

"స్విచ్చి పైకి వేస్తే నాది. ఎకో వస్తుంది. కిందికి వేస్తే మీ నాన్నది."

పిల్ల పైకి వేసి వాయించింది. మొహం విప్పారింది. కిందికి వేసి వాయించింది. చేయి ఆగింది. మళ్ళీ వాయించింది.

"ఇదే. అచ్చం ఇదే." తల తిప్పి చూసింది. "అయినా నాది, నాన్నది ఏంటి పెదనాన్నా. రెండూ మీ లూపేగా. నాన్న ఎప్పుడూ మీ పేరే చెప్పేవాడు."

తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. ఆయన ఏమంటాడోనని చూస్తోంది. పెద్దాయనకు సినిమా హాలు గుర్తొచ్చింది, రైల్వే స్టేషను గుర్తొచ్చింది. ఆ తర్వాత వరసగా రావలసిన మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది.

"కింది దాంట్లో నేను లేనమ్మా" అన్నాడు. "ఎప్పుడూ లేను. ఇలా రా."

టార్చి వేసి ముద్ద చూపించాడు. జరిగింది చెప్పాడు. ఉల్లిపాయల సంగతి భార్య చెప్పింది. పిల్ల లోపలికి తొంగిచూసి, "ఇంత ఘోరంగానా అతికింది? ఇది టాంకానా, పిట్ట రెట్టా?" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తెగి ఏడుపయింది. పెద్దాయన వాల్వులు పట్టుకునే గుడ్డ అందించాడు. అది నల్లగా ఉందని ఆమె చూసుకోలేదు, మొహమంతా పూసుకుంది.

"అద్దం చూసుకో తల్లీ, స్టేజీ ఎక్కకుండానే వేషం కట్టావు" అంది పెద్దమ్మ.

పిల్ల ముక్కు ఎగబీల్చి గిటారు ఒళ్ళోకి తీసుకుంది. స్విచ్చి కిందనే ఉంది. తండ్రి పాట మొదలుపెట్టింది.

పెద్దాయన స్టూలు లాక్కుని యాంప్లిఫయరు వెనక, ఎప్పుడూ తొంగిచూసే చోటే కూర్చున్నాడు. పాట తన దారిన పచ్చతీగ గుండా పోతోంది. లూపు వాల్వు దాని మానాన అది వెలుగుతోంది. ఆయన వేలు చాపి దాని గాజు మీద ఆనించాడు. మొదట ఏమీ లేదు. కాసేపటికి వేడి తెలిసింది. వేలు వెనక్కి తీసుకున్నాడు.