మేడమ్ తోడు నడిచిన అధ్యాయం

మార్కాపురంలో టైపు నేర్చుకున్న మా కాలపు వాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. రహీమున్నీసా మేడమ్‌ని దారి అడగకూడదు. అడిగితే చెప్పదు. వెంట వస్తుంది.

ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. అప్పుడే నాకు కూర్చోవడానికి వీల్లేని చోట ఒక సెగగడ్డ లేచింది. స్టూలు మీద ఒక పక్కకు ఒరిగి కొడుతూ, మాటవరసకు అన్నట్టు, "మేడమ్, గవర్నమెంటాసుపత్రి ఎటు పోవాల?" అన్నాను. ఆమె చేతిలో నూనె డబ్బా కింద పెట్టి, బుర్ఖా తగిలించుకుని, "పద" అంది. దారి పొడుగునా ఏం జబ్బని ఆమె అడుగుతూనే ఉంది, కడుపునొప్పని నేను చెబుతూనే ఉన్నాను. ఆసుపత్రిలో కాంపౌండర్ నన్ను బల్ల మీద కూర్చోమన్నాడు. నిలబడే ఉంటానన్నాను. మేడమ్ నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ పిల్లోనికి కూర్చునే కాడ గడ్డ లేచిందయ్యా. సిగ్గుపడి చెప్పట్లేదు," అని ఆసుపత్రి మొత్తానికి వినపడేట్టు ప్రకటించింది.

మందుల వరుసలో గోపిక అనే అమ్మాయి ఉంది. వాళ్లమ్మకు దగ్గు మందు కోసం వచ్చి ఈ ప్రకటన వింది. తర్వాత కొన్నేళ్లకు ఆ గోపికతోనే నాకు పెళ్లయింది. గడ్డ వారంలో మానింది. మా ఇంట్లో ఆ ప్రస్తావన మాత్రం ఇప్పటికీ మానలేదు.

మేడమ్ తండ్రి అబ్దుల్ రెహమాన్ రైలు స్టేషన్ నుంచి ఊళ్లోకి జట్కా తోలేవాడు. దారి అడిగినవాడికి వేలు చూపించి ఊరుకునేది బద్ధకస్తుడనీ, నాలుగడుగులు తోడు వచ్చేవాడే మనిషనీ అనేవాడట. నాలుగడుగులన్నది ఆయన లెక్క. కూతురు దాన్ని నాలుగు వీధులు చేసింది. ఒక్కోసారి పొదిలి బస్సు ఎక్కడాగుతుందని ఎవరో ముసలమ్మ మెట్ల కింద నుంచి కేకేస్తే, మాకు పాఠం మధ్యలో వదిలేసి ఆమెను బస్సెక్కించి సీటు చూపించి వచ్చేది. అంతసేపూ మేము సినిమా కబుర్లు చెప్పుకునేవాళ్లం. దారి అడిగేవాళ్ల కోసం కిటికీలోంచి ఎదురుచూసిన రోజులు కూడా ఉన్నాయి.

కింద పలకల దుకాణం, మీద మా గది. కింద పలకలకు చెక్క చట్రాలు బిగించే సుత్తి చప్పుడు, పైన మా పన్నెండు మిషన్ల మోత. గిద్దలూరు పిల్లలు రైల్లో, మా బేస్తవారిపేట వాళ్లం మొదటి బస్సులో టిఫిన్ క్యారియర్లతో దిగేవాళ్లం. కార్బన్ కాగితం అంటిన వేళ్లతో ముఖం తుడుచుకుని, ఇంకా మీసాలు రాని వయసులో గుబురు మీసాలతో ఇల్లు చేరినవాణ్ణి నేను. మా నాయన జీవాలను దొడ్లోకి తోలుతూ ఆగి, "ఎవరబ్బా నువ్వు?" అన్నాడు.

ఇప్పుడు ఇవన్నీ తలుచుకుంటే నూనె, రిబ్బను, మగ్గిన కాగితం కలిసిన ఆ గది వాసన ముక్కుకు తగులుతుంది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మేడమ్ అవీ నేర్చుకుంది, రెండు కొనిపెట్టి నేర్పింది. ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. లోకమంతా రెండు బొటనవేళ్లతో కొడుతుంటే పదివేళ్లు నేర్పే మనిషి దగ్గరికి ఎవరొస్తారు? పోయిన ఏడు ఒక్క పిల్లవాడు మిగిలాడు. వాడూ కానిస్టేబుల్ పరీక్షకు చదువుకోవాలని మానేశాడు. గది యజమాని వరప్రసాదం మంచివాడే. మెట్లెక్కి వచ్చి, నీళ్లు తాగి, తల గోక్కుని, "అక్కా, నెలాఖరుకు గది ఖాళీ చేసి ఇయ్యి. మావోడు ఫోన్ల షాపు పెడతాడంట," అన్నాడు.

మేడమ్ పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు ఖాలిద్ ఇంట్లో ఉంటుంది. వాళ్లు బంగారంలా చూసుకుంటారు. మంచం మీద కూర్చోబెట్టి వేళకు టీ ఇస్తామంటారు. ఆమె భయమంతా ఆ మంచం గురించే.

ఖాలిద్ కూతురు ఆలియా హైదరాబాదులో, సాఫ్ట్‌వేర్లు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. మేనత్త సంగతి తెలిసి ఒక పని పంపింది. అది ఒక కంపైలర్‌కు సంబంధించిన పుస్తకం. కంపైలర్ అంటే మనిషి రాసిన ప్రోగ్రామును కంప్యూటరుకు అర్థమయ్యేట్టు మార్చిపెట్టేదట. అంతకు మించి నన్ను అడక్కండి. ఆ పుస్తకం నిండా "దీని గురించి ఫలానా భాగం చూడండి" అనే మాటలున్నాయి. ఒకచోట లావు అక్షరాల్లో, ఒకచోట బ్రాకెట్లలో, ఒకచోట ఎప్పటివో పాత పేజీ నంబర్లతో. వాటన్నిటినీ ఒకే తీరులోకి తెచ్చి, నొక్కితే ఆ భాగం తెరుచుకునేట్టు లింకు పెట్టాలి. ముందు తొమ్మిదో అధ్యాయం చేసి చూపించాలి. అది నచ్చితే పుస్తకం మొత్తం ఆమెకే ఇస్తారు, గది నిలుస్తుంది. నచ్చకపోతే మంచం, వేళకు టీ.

నేను ఇప్పుడు మార్కాపురంలోనే ఒక ఆఫీసులో గుమాస్తాను. సాయంత్రం బస్సుకు ముందు మేడమ్ గదికి పోవడం అలవాటు. ఆ రోజు వెళ్లేసరికి ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కోపంగా ఉంది.

"శేషూ, ఇది చూడు. ఈ సంగతి కావాలంటే పద్నాలుగో అధ్యాయం చూడమంటాడు. సరేలే అని ఆడికి పోతే, ముందు ఆరోది చూసి రమ్మంటాడు. ఆరోదానికి పోతే మళ్లా ఈడికే తోల్తాడు. మీ ఆఫీసులో ఇట్లనే తిప్పుతారా ఏంది?"

"మా ఆఫీసులో ఇంత మర్యాదగా తిప్పరు మేడమ్."

"పాపం, చదివేటోడు ఎంత దూరమని పోతాడు? ఆ సరుకేందో మనమే తెచ్చి ఈడ పెడితే పోలా?"

కంపైలర్‌కూ కాఫీ మిల్లుకూ తేడా తెలియని నేను, "భేషుగ్గా ఉంటాది మేడమ్," అన్నాను. అంతటితో ఊరుకోకుండా కుర్చీ లాక్కుని కూర్చుని సాయం కూడా చేశాను. "చూడండి" అన్న ప్రతి చోటా, చూడమన్న భాగం మొత్తాన్నీ తెచ్చి అక్కడే అతికించాం. తెచ్చినదాంట్లో ఇంకో "చూడండి" ఉండేది. దాని వెంట పోయి అదీ తెచ్చేవాళ్లం. శుక్రవారం సాయంత్రానికి పూర్తి చేసి పంపించి, కింద బండి మీద మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నాం. చదివేవాళ్లెవరో ఏ దేశంలోనో కూర్చుని మా ఇద్దరికీ దండం పెడుతున్నట్టే నాకనిపించింది.

శనివారం నేను వెళ్లేసరికి ఆలియా ఫోను వచ్చింది. మేడమ్ స్పీకర్ పెట్టింది.

"ఫుప్పూ, యే క్యా కర్ డాలే! ఏం చేసినావు నువ్వు? ఇరవై పేజీలు పంపిస్తే రెండొందల పేజీలు వచ్చినాయి. మా మేనేజర్ ఫైలు తెరిస్తే అది ఇంకా తెరుచుకుంటానే ఉంది!"

"చదివేటోనికి తిరుగుడు తప్పుతాదని చేసినా బేటీ."

"చదివేది ప్రోగ్రాములు రాసేటోళ్లు ఫుప్పూ, మోకాళ్ల నొప్పుల ముసలోళ్లు కాదు. లింకు నొక్కితే క్షణంలో పోతారు."

"మోకాళ్లు బాగున్నోళ్లు దారి తప్పరా?"

నేను గట్టిగా తలూపాను. ఫోన్లో తల ఊపడం కనపడదని తర్వాత గుర్తొచ్చింది.

ఆలియా నెమ్మదిగా చెప్పింది. "ఫుప్పూ, రేపెప్పుడో కొత్త వెర్షన్ వస్తాది. పద్నాలుగో అధ్యాయంలో ఒక ముక్క మారుస్తారు. నువ్వు తెచ్చి అతికించిన చోట్లన్నిట్లో పాతదే ఉంటాది. ఆడొకటి, ఈడొకటి. చదివేటోడు పాతదాన్ని నమ్మి చేస్తాడు. అప్పుడేంది?"

మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది.

"ఇల్లు మారినోళ్లను వెతుక్కుంటా వచ్చినోణ్ణి, పాత ఇంటి కాడ దించి వచ్చినట్టు," అంది చివరికి.

"అదే ఫుప్పూ. సోమవారం పొద్దునకు అసలుది ఎట్లుందో అట్ల పెట్టి, లింకులొకటే సరిచేసి పంపు. మేనేజర్‌ను బతిమాలి ఒప్పించినా. ఇది గూడా పోతే ఇంక నా చేతుల్లో లేదు."

ఫోను పెట్టేసిన కాసేపటికి వరప్రసాదం టేపు పట్టుకుని వచ్చాడు. అద్దాల కౌంటరు ఎంత పొడుగు పడుతుందో చూసుకోవడానికట. మమ్మల్ని చూసి సిగ్గుపడి, "మళ్లా వస్తాలే అక్కా," అని టేపు జేబులో పెట్టుకున్నాడు. వద్దన్నా వినకుండా మేడమే టేపు రెండో కొస పట్టుకుని కొలిపించి పంపింది.

ఆదివారం నాకు సెలవు. అయినా వెళ్లాను. గుమ్మంలోనే మేడమ్ వేలెత్తింది.

"కూర్చో, టీ తాగు. బాగుందని మాత్రం అనొద్దు. నీ బాగుంది విని ఇంతకాడికి వచ్చినా."

అతికించినదంతా తీసేసింది. ప్రతి "చూడండి"నీ ఒకే తీరులో కూర్చింది. భాగం నంబరు, దాని పేరు, రెండింటికీ కలిపి లింకు. పాత పేజీ నంబర్లు తీసేసింది. ఆ తర్వాత ఒక్కొక్కటే నొక్కి, తానే పోయి, చేరిన చోటు అదేనో కాదో చదివి, వెనక్కి వచ్చి రెండోది నొక్కింది. మధ్యమధ్య ఆమెకు చేతులు నిలిచేవి కావు. "ఈడ రెండు మాటలు కలిపితే పాపం తొందరగా అర్థమవుతాది," అని గొణిగి, అంతలోనే చేతులు ఒళ్లో పెట్టుకునేది. రోజా ఉపవాసం ఉన్న మనిషి మధ్యాహ్నం బిర్యానీ వండుతున్నట్టు ఉంది ఆమె ముఖం.

ఒక లింకు నొక్కితే ఎక్కడికీ పోలేదు. ఆ భాగాన్నే పుస్తకంలోంచి ఎప్పుడో తీసేసినట్టున్నారు. మేడమ్ చాలాసేపు దాన్నే చూసింది. శుక్రవారమైతే తానే అక్కడ ఏదో ఒకటి అతికించి ఉండేది. ఈసారి ఆలియాకు ఒక్క ముక్క రాసి పెట్టింది: ఇక్కడ ఇల్లు లేదు, ఎటు పంపించమంటారో చెప్పండి.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. మేడమ్ "శేషూ" అని ముక్కు చీదింది.

"పోయిందా మేడమ్?"

"లేదురా. ఒప్పుకున్నారు. రెండు చోట్ల వాక్యం చివరి చుక్క గూడా లింకులో కలిసిపోయిందంట, దిద్దమన్నారు. పదో అధ్యాయం పంపిస్తుండారు."

నేను ఆఫీసులో గట్టిగా "భేష్" అన్నాను. ఎదుటి బల్ల దగ్గర పింఛను కాగితాలతో నిలబడిన పెద్దాయన తన పని అయిపోయిందనుకుని నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ మెట్ల కిందికి పరిగెత్తి పిలుచుకురావాల్సి వచ్చింది.

పనికి వచ్చే డబ్బు సగం గది అద్దెకే సరిపోతుందని మేడమే లెక్క తేల్చింది. వరప్రసాదాన్ని పిలిచి ఆ మాటే చెప్పింది. ఆయన గది మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, "పోనీలే అక్కా. ఫోన్లు చిన్నవే గదా," అన్నాడు. నెలాఖరుకు ప్లైవుడ్ అడ్డం వచ్చింది. కిటికీ ఉన్న సగం మేడమ్‌కు, మెట్ల వైపు సగం ఫోన్లకు. కంప్యూటరుకు, కుర్చీకి, ఆమెకు చోటుంది. మిషన్లకు మాత్రం లేదు.

పాత పిల్లలందరికీ ఫోన్లు చేసింది. పొదిలి నుంచి ఒకతను కారేసుకొచ్చి రెండు తీసుకుపోయాడు. గిద్దలూరు ఆమె ఒకటి. నాకు కిటికీ పక్కది ఇచ్చింది. దాంట్లో కాగితాన్ని అటూ ఇటూ జరిపే క్యారేజీకి లాకు ఎప్పుడో పోయింది. మేడమ్ దానికి చివరిసారి నూనె వేసి, తన పాత చీరలో చుట్టి, ముడి సరిగ్గా పడలేదని విప్పి మళ్లీ చుట్టింది.

"రోజూ కాకపోయినా అప్పుడప్పుడు కొట్టు శేషూ. ఊరకనే పెడితే కీస్ బిగుసుకుపోతాయి."

"సరే మేడమ్."

"గోపికను అడిగినానని చెప్పు."

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటి మొదటి గుంతలో పడగానే చీరలోపల క్యారేజీ సర్రుమని జారి, వరుస చివర మోగే గంట టింగ్ మంది. డ్రైవర్ బస్సాపాడు. ఎవరూ దిగలేదు. కండక్టర్ అటూ ఇటూ చూసి రైట్ అన్నాడు. రెండో గుంత, మళ్లీ టింగ్, మళ్లీ బస్సాగింది. "బెల్లెవరు కొడుతుండారు?" అన్నాడు కండక్టర్. నేను కిటికీలోంచి పొలాలు చూశాను. మూడోసారి పక్క సీట్లో ముసలమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "ఈయన ఒళ్లో ఏందో మోగుతాంది నాయనా," అంది.

కండక్టర్ వచ్చి చీర కొస ఎత్తి చూశాడు.

"ఏంది సారూ ఇది? హార్మోనియమా?"

"టైపు మిషన్."

"ఇంకా పని చేస్తాదా?"

ఒక మీట నొక్కి చూశాడు. ముసలమ్మ కూడా ఒకటి నొక్కింది. వెనక సీటు వాళ్లు వంగి చేతులు చాపారు. ఆ గోలకు డ్రైవర్ ఇంకోసారి బస్సాపి, వెనక్కి తిరిగి, అందరినీ తిట్టాడు. బేస్తవారిపేట దగ్గర పడ్డాక కండక్టర్ టిక్కెట్లు లెక్క చూసుకుంటూ తలెత్తకుండానే, "దిగేటప్పుడు నువ్వే కొట్టుకో సారూ," అన్నాడు.