గోడ అవతల విన్న మనిషి

మా పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. నేను చాయ్ పట్టుకెళ్లేసరికి గడప మీద గోడకు ఒరిగి ఉంది. పిలిస్తే పలకలేదు. ఇంకో ఆరు రోజుల్లో ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉండింది. నా మొగుడు నన్ను కొట్టిన కేసులో కళ్లారా చూసిన మనిషి ఆమె ఒక్కతే.

మాకు చుట్టరికమేమీ లేదు. మెదక్‌లో మా రెండు ఇళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ రోజు అరుపులు విని తలుపు తోసుకుని వచ్చింది. అతని చేతిలోంచి నన్ను లాగి, చిట్లిన నా నొసటి మీద గుప్పెడు పసుపు అద్ది, చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు నడిపించింది. అక్కడ పోలీసులు ముందు మొగుణ్ణీ నన్నూ కూర్చోబెట్టి మాట్లాడదామన్నారు. "ముచ్చట ఎనుక పెడుదురు సారూ, ముందుగాల కాయితం రాసుకోండ్రి" అని బల్ల మీద కూర్చుంది, రాసేదాకా లేవలేదు.

తర్వాత ఒక లేడీ కానిస్టేబుల్ మమ్మల్ని దవాఖానకు తీసుకెళ్లింది. పసుపు కింద దెబ్బ ఎంత లోతో కనబడడం లేదని డాక్టరమ్మ విసుక్కుని, అంతా కడిగి, కొలిచి రాసింది. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. అప్పటినుంచి వాడకట్టులో ఏ ఆడపిల్ల ఏడుస్తూ కనబడినా ఆమె చెప్పే మాట ఒకటే. "ముందు దవాఖాన, పసుపు తర్వాత."

చదువు రాదు కానీ ఎఫ్ఐఆర్ కాపీ చేతికి వచ్చేదాకా కదలలేదు. మా ఇంట్లో ఉంటే నా మొగుడు చించేస్తాడని రేషన్ కార్డుతో పాటు తన బియ్యం డబ్బాలో దాచింది. తూప్రాన్ నుంచి అత్తగారి తరఫు పెద్దలు దిగి, కేసు వాపసు తీసుకొమ్మని నా ముందు కాగితం పెట్టినప్పుడు ఆమె నన్ను ఆపలేదు. "బిడ్డ ఇష్టం. కాని సంతకం పెట్టే ముందు ఆ నొసలు ఒక్కసారి చూడుండ్రి" అంది. ఎవరూ చూడలేదు. నేను సంతకం పెట్టలేదు.

ఆమెకు అంత ధైర్యం ఎక్కడిదని ఒకసారి అడిగాను. కందిపప్పు ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ధైర్యం గాదు బిడ్డా. ఆరేండ్లు నీ ఏడుపు ఇన్న. ఇననట్టు ఉండాలని టీవీ సౌండ్ పెంచుకున్న. జడ్జి ముంగట అది గూడ చెప్త."

ఆ మాట వినగానే నాకు ఆమె మీద కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే జొన్నరొట్టె పట్టుకుని వచ్చింది. ఆ రెండు రోజులు ఇప్పుడు ఎవరిని అడిగి తెచ్చుకోను?

కేసు పెట్టాక ఇంత తిరగాలని నాకెవరూ చెప్పలేదు. వాయిదా మీద వాయిదా. ప్రతిసారీ పెద్దమ్మ ఒంటి మీద ఇస్త్రీ చేసిన అదే ఆకుపచ్చ చీర, సంచిలో రొట్టె, ఎల్లిపాయ కారం. వాయిదా పడితే వకీలును తిట్టుకుంటూ బెంచీ మీదే తినేది. స్టేషన్‌లో రాసుకున్నది చాలదని, జడ్జి ముందు తన నోటితో చెప్పాలని వకీలు చెప్పిననాటి నుంచి, "సారూ, గోడ అవతల నేనే ఉన్న" అని వంటింట్లో తనలో తను అనుకునేది. నాకు ఇవతలికి వినబడేది.

నిన్న సోమవారం. కోర్టులో బంట్రోతు ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారి నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. వకీలు నా భుజం నొక్కి కూర్చోబెట్టి, ఆమె పోయిందని జడ్జికి చెప్పాడు. ఇంకో తారీఖు ఇచ్చారు.

ఇంటికొచ్చి గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. ఆరేళ్లు ఆమె విన్న గోడ. అవతల టీవీ లేదు, గిన్నెల చప్పుడు లేదు. చీకటి పడేదాకా వింటూనే ఉన్నాను.