జింక బరువు దించిన మా అత్త

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ చిక్కు వచ్చినా ఫోన్లో కాసేపు వెతికి, ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో నాలుగు మాటలు రాసి తగిలిస్తే తీరిపోతుందని. డిగ్రీ అయిపోయి గాండ్లపెంటలో ఇంటి ముందు కూర్చుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నన్ను (ఉద్యోగం కూడా నా కోసం ఎక్కడో ఎదురుచూస్తోందని అప్పట్లో నా అభిప్రాయం) మా నాయన బస్సెక్కించి హిందూపురంలో మా మామ దగ్గరికి పంపించాడు. మామది చింతపండు మండీ. అక్కడ నా పనేమిటో ఆయన ఎన్నడూ తేల్చి చెప్పలేదు. "ఊరికే కూచోకుండా ఉండు చాలు" అన్నాడు. అలా ఊరికే కూచోకుండా ఉండటంలో భాగంగా, మా అత్త పెంచుకునే కుక్కను కనిపెట్టుకునే పని నా నెత్తిన పడింది.

కుక్క పేరు జింక. చిన్నప్పుడు సన్నగా, పొడుగు కాళ్ళతో ఒక మూట మీంచి ఇంకో మూట మీదికి దూకుతుండేదని అత్త ఆ పేరు పెట్టిందట. నేను వెళ్ళేనాటికి దానికి పదేళ్ళు దాటాయి. జింక ఏదని చూసినవాళ్ళకు మండీ గుమ్మంలో ఒక చింతపండు బస్తా పడుకుని తోకాడిస్తూ కనిపించేది. పాపం, తప్పు దానిది కాదు. కొన్నేళ్ళ కిందట దానికి ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి వచ్చినప్పుడు బజారంతా గుమిగూడి తాళంచెవులు చేతిలో పెట్టమని ఒకరు, ఉల్లిగడ్డ వాసన చూపమని ఒకరు సలహాలిస్తుంటే "దానికి చెయ్యి యాడుండాదో ముందు చూపించండప్పా" అని అత్త కసిరి, అందరినీ పక్కకు నెట్టి, నేల మీద దాని తలకు దెబ్బ తగలకుండా గోనెసంచి సర్దిందట. అప్పటినుంచి పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. ఫిట్స్ దాదాపు పోయాయి. పోతూ పోతూ ఆకలిని కాపలా పెట్టి పోయాయి. పైగా ఆ మాత్ర మింగించడానికి మామ దాన్ని ఓళిగలో, అంటే బొబ్బట్టులో, పెట్టి ఇచ్చేవాడు. ఆవగింజంత మాత్రకు అరచెయ్యంత ఓళిగ!

ఇది ఇంటి సంగతి. బజారు సంగతి ఇంకా పెద్దది. మా మండీకి నాలుగంగళ్ళ అవతల బొరుగుల తాత అంగడి ఉండేది. ఎప్పుడో ఒకరోజు జింక పొద్దున్నే వెళ్ళి ఆయన గడప ముందు కూర్చుంటే ఆయన పిడికెడు బొరుగులు (మరమరాలు) పెట్టాడు. ఆ రోజే ఏదో పెళ్ళివాళ్ళు వచ్చి అంగడిలో ఉన్న సరుకంతా ఊడ్చుకుపోయారు. అంతే, జింక గడప తొక్కి నోరు కదిపితేగానీ బోణీ బాగుండదని తాత ప్రకటించాడు. మిఠాయి అంగడాయన ఒప్పుకున్నాడు, మిగతావాళ్ళు అనుసరించారు. బన్ను, బూందీ, కొబ్బరి ముక్క, చెనిక్కాయలు (వేరుశనగ), ఎవరి సరుకు వాళ్ళు పెట్టేవాళ్ళు. డబ్బులు పడ్డాయని ఫోన్ డబ్బా ఏ అంగట్లో మాట్లాడినా జింక చెవులు నిక్కేవి. అది మాట్లాడిందంటే బోణీ అయిందనీ, బోణీ అయిందంటే తనకేదో రాబోతుందనీ దాని లెక్క.

ఆ యేడు ఎండలు ముదిరేసరికి జింక వెనక కాళ్ళు తడబడటం మొదలైంది. మండీ గుమ్మం మెట్టు ఎక్కలేక ముందు కాళ్ళు పైన పెట్టి, వెనక కాళ్ళు కింద ఉంచి, ఎవరైనా తోస్తారేమోనని అటూ ఇటూ చూసేది. అత్త సరుకు ఆటో పిలిపించి, దాన్నీ నన్నూ వేసుకుని పెనుకొండలో తనకు తెలిసిన పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరింది. ఆయన నెమ్మదైన మనిషి. కాళ్ళు ఒత్తి చూశాడు, బరువు తూచాడు, రక్తం తీసి పరీక్షకు పంపాడు, రిపోర్టులొచ్చాక మళ్ళీ పిలిపించి విప్పి చెప్పాడు. "ఈ మాత్రకు ఆకలి ఎక్కువమ్మా. అది తిండిపోతుతనం కాదు, మందు గుణం. మాత్ర మాత్రం ఆపకూడదు, నేను చెప్పందే తగ్గించనూ కూడదు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ మళ్ళీ వస్తాయి, ఈసారి ప్రాణానికే రావచ్చు. అట్లాగని ఈ బరువు ఇట్లే ఉంటే కాళ్ళు పడిపోతాయి. పస్తులు పెట్టొద్దు, మెల్లగా దించాల. కొలిచి పెట్టండి, చల్లపూట నడిపించండి, నెల నెలా తూచండి" అన్నాడు. తిరుగు దారిలో అత్త దాని తల ఒళ్ళో పెట్టుకుని "లేవలేకపోతే దీన్ని నేనెట్ల చూసేదబ్బా" అంది. అత్త గొంతు అట్లా వినడం నాకదే మొదలు.

ఇక నా ప్రతిభ చూపించే సమయం వచ్చిందనుకున్నాను. 'నేను జబ్బుతో ఉన్నాను, నాకేమీ పెట్టకండి' అని అట్టముక్క మీద రాసి జింక మెడలో కట్టాను. అయ్యో జబ్బంట పాపం అని, అంతకుముందు పెట్టనివాళ్ళు కూడా పెట్టడం మొదలుపెట్టారు. మడకశిర నుంచి సరుకుకొచ్చిన ఒకాయన మాకు తెలుగు చదవను రాదు, కన్నడంలో రాయప్పా అన్నాడు; నేను రాయించుకొచ్చేలోపల ఆయనే రెండు బన్నులు తినిపించేశాడు. మధ్యాహ్నానికి అట్టముక్కను కూడా జింక సగం తినేసింది. మరునాడు దాన్ని మండీలోనే కట్టేశాను. అది ఏడ్చిన ఏడుపుకు గిరాకీలు బేరం ఆపి తొంగిచూశారు. పది గంటలకల్లా బొరుగుల తాత ముందు నడవగా బజారు పెద్దలు మామ దగ్గరికొచ్చారు. "ఏమప్పా, మా బోణీలు కట్టేస్తివే!" అన్నాడు తాత. మామ నా వైపు చూశాడు. ఊరికే కూచోమని ఎందుకు చెప్పలేదా అని ఆలోచిస్తున్నట్టు అనిపించింది.

అప్పుడు అత్త లోపలినుంచి వచ్చింది. ఆమె పుట్టిల్లు ధర్మవరం. వాళ్ళ నాయన నేతగాళ్ళకు పట్టు, జరీ తూచి ఇచ్చి, నేసిన చీర మళ్ళీ తూచి తీసుకునేవాడు. చిన్నప్పుడు ఆ త్రాసు పట్టుకుని కూర్చున్న మనిషి కనుక అత్తకు చేత్తో ఎత్తితేనే చాలు, బరువు తెలిసేది. "మీ బోణీ నేనెందుకు ఆపుతానన్నా? గడప తొక్కుతాది, మీ చేత్తోనే తింటాది. ఏం తినాలనేది మాత్రం నేనిస్తా" అంది. మరునాడు పొద్దున్నే జింక ఆ పూట తిండి మొత్తం తూచి (డాక్టరు చెప్పిన కొలత, నిక్కచ్చిగా), అంగడికొకటి చొప్పున చిన్న చిన్న పొట్లాలు కట్టి నా చేత పంచిపెట్టించింది. ఇంట్లో గిన్నె లేదు, ఓళిగ లేదు. మాత్ర ఇడ్లీ ముక్కలో పోయింది. జింక తన తిండి తినాలంటే బజారు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, గడప గడపకూ ఆగి వసూలు చేసుకోవాల్సిందే. అంగళ్ళవాళ్ళకు బోణీ, కుక్కకు కూడు, కాళ్ళకు నడక, మూడూ ఒకే పొట్లంలో కట్టిన మనిషిని చూసి నేను నోరు తెరిచాను. ఫోన్లో ఎంత వెతికినా నాకిది దొరకలేదు.

నెల తర్వాత మండీలో మూటలు తూచే కాటా మీదికి జింకను ఎక్కించాం. ఎక్కించాం అంటే నేనూ, మామా, ఇద్దరు హమాలీలూ కలిసి ఎత్తి పెట్టాం. చూస్తే బరువు తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది! మామ కాటాను తట్టి చూశాడు. నేను తెలివిగా గొంతు సవరించుకుని "అత్తా, అంతా ఆ మాత్ర వల్లే. సగం చేసి ఇస్తే..." అన్నానో లేదో, అత్త నా వైపు తిరిగింది. "నోర్ముయ్యి. డాక్టరు నీ ముందరేగా చెప్పింది? ఫిట్స్ వచ్చి అది కొట్టుకునేది నువ్వు చూసినావా? నేను చూసినా" అంది. నేను చింతపండు మూటల వెనక్కి జరిగాను. అత్త జింకనే చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు అంది: "ఇచ్చిన పట్టు కంటే వచ్చిన చీర ఎక్కువ తూగిందంటే, మధ్యలో అది గంజైనా తాగుండాల, నీళ్ళైనా తాగుండాల. దీనికి యాడో గంజి పడతాండాది."

మరునాడు అత్త కొంగు బిగించి, జింక వెనకే బజారుకు బయల్దేరింది. నేను ఆమె వెనక. బొరుగుల తాత పొట్లం విప్పి, భక్తిగా జింక ముందు పోశాడు. పోసి, అలవాటుగా వెనక్కి చెయ్యి చాచి, గంపలోంచి పిడికెడు బొరుగులు తీసి పైన వేశాడు. మిఠాయి అంగడాయన పొట్లం పెట్టి, పైన చిటికెడు బూందీ. ఆ పక్కన పొట్లం, పైన ఒక చెనిక్కాయ పలుకు, ఇంకో పలుకు. గడప గడపకూ ఇదే తంతు. కొసరు! అందరూ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి కొసరు వేసే చేతులు. అసలు తూకం ఎంత సరిగా ఉన్నా పైన కాస్త రాల్చందే ఆ చేతులు మూసుకోవు. చేస్తున్నట్టు వాళ్ళకే తెలియదు. అత్త అడిగితే తాత నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనేం పెడితినమ్మా? నువ్విచ్చిందే పెట్టినా" అన్నాడు. "మరి ఆ బొరుగులు?" అంటే, "అది పెట్టేదా? అది కొసరు కదమ్మా! కొసరు లేకుండా చెయ్యి ముడిచేది మా నాయన నాకు నేర్పలేదు" అన్నాడు.

నేనైతే అక్కడే ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. అత్త పోట్లాడలేదు, బతిమాలలేదు. తల ఊపి ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం సొరకాయలు, బీన్సు తెప్పించి ఉప్పూ కారం లేకుండా ఉడికించి, గోరంత గోరంత ముక్కలు తరిగింది. పొద్దున్నే ప్రతి పొట్లంలోంచీ కాస్త తిండి తగ్గించి, పక్కనే ఆకులో ఈ ముక్కలు పెట్టి, తానే అంగడంగడికీ తీసుకెళ్ళింది. "తాతా, ఇది అసలు. ఇది కొసరు. కొసరు నీ ఇష్టం వచ్చినంత వెయ్యి, నేనేం అనుకోను. ఇది దాటి ఒక్క బొరుగు పడినా దాని కాళ్ళు పడిపోతాయి. ఆ పైన నీ గడపకు రావల్లన్నా రాలేదు" అంది. తాత సొరకాయ ముక్కను వెలుతురులో పెట్టి పరీక్షగా చూశాడు. "తింటాదంటావా?" అన్నాడు. జింక కూడా అదే అనుమానంతో దాన్ని వాసన చూసి, తాత ముఖం చూసి, అత్త ముఖం చూసి, ఆకలి దగ్గర పంతాలు చెల్లవని తెలుసుకుని తినేసింది. తాత సంతోషం పట్టలేక ఇంకో నాలుగు ముక్కలు కొసరు వేశాడు. మనుషులకున్న అలవాటును విరగ్గొట్టకుండా పక్కకు మళ్ళించడం అంటే ఏమిటో నేను ఆ బజార్లో, ఆ గడప ముందు చూశాను. తర్వాత ఎన్నో ఉద్యోగాలు చేశాను, ఎందరో మేనేజర్ల కింద పనిచేశాను. మా అత్తకు సాటి వచ్చే మనిషిని ఇంకా చూడాల్సే ఉంది.

తూకం తగ్గుతూ వచ్చింది, కానీ నత్తనడక. ఒక నెల కాస్త, ఇంకో నెల అసలు కదలలేదు. పెనుకొండ డాక్టరు ఫోన్లో "మెల్లగా పోవడమే మంచిదమ్మా, మాత్రలు మాత్రం మరవొద్దు" అనేవాడు. మధ్యలో ధర్మవరంలో అన్న కూతురి పెళ్ళికి కూడా అత్త పొద్దున బస్సుకు పోయి, తలంబ్రాలు పడగానే ముద్ద నోట్లో పెట్టుకోకుండా తిరిగొచ్చేసింది. రాత్రి మాత్ర వేళకు తాను లేకుంటే మామ చెయ్యి ఓళిగ వైపు పోతుందని ఆమె భయం (ఆ భయం నిరాధారం కాదని, పెళ్ళినుంచి తెచ్చిన ఓళిగల్ని మామ చూసిన చూపు బట్టి చెప్పగలను). వానలు పడి, వెలిసి, చలి మొదలైంది. పొద్దున్నే శాలువా కప్పుకుని అత్త ముందు, వెనక జింక, ఇద్దరూ బజారు చివరిదాకా వెళ్ళి వచ్చేవాళ్ళు.

ఆ చలికాలంలోనే ఒక తూకం రోజు. బొరుగుల తాత సహా అంగళ్ళవాళ్ళు చాలామంది మండీలో చేరారు. నేను ఎప్పటిలాగే హమాలీలను కేకేసి, జింక పొట్ట కింద చేతులు పెట్టడానికి వంగాను. "ఉండబ్బా, చెయ్యి తియ్యి" అంది అత్త. జింక కాటా దగ్గరికి తానే నడిచింది. ముందు కాళ్ళు పైన పెట్టింది. ఆగింది. వెనక కాలు ఒకటి ఎత్తబోయి జారింది. మళ్ళీ ఎత్తింది; ఈసారి కాలు ఆనింది, రెండోదీ వచ్చింది. నాలుగు కాళ్ళ మీద కాటా మధ్యలో నిలబడి, ఏదీ నా ముద్ద అన్నట్టు చూసింది. నేను అంకె చూసి, ఎగిరి గంతేసి, బజారంతా వినబడేలా బరువు చదివాను. ఎవరూ నా వైపు చూడలేదు. అత్త మూట మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎక్కిందబ్బా... తనంతట తానే ఎక్కింది" అంది.

జింక ఆ తర్వాత ఇంకా చాన్నాళ్ళు, తన కాళ్ళ మీద తాను తిరుగుతూనే బతికింది. అంత గట్టిగా అరిచి చెప్పిన ఆ అంకె ఎంతో ఇప్పుడు ఎంత గింజుకున్నా నాకు గుర్తు రాదు. అందరూ కాళ్ళ వైపు చూస్తుంటే కాటా వైపు చూస్తూ గంతులేసిన ఆ కుర్రాడు మాత్రం అప్పుడప్పుడు కళ్ళ ముందుకొస్తాడు. వాణ్ణి పిలిచి, భుజం పట్టి ఇటు తిప్పి, "అక్కడ కాదురా, ఇక్కడ చూడు" అని చెప్పాలనిపిస్తుంది.